టీవీ గేమ్ ట్యూన్‌కి టెక్నో: బీటు ఎందుకు జారుతోంది, బాక్సుల్లో ట్యూన్ ఎందుకు మాయమవుతోంది

#1 పర్లాకిమిడి_పిక్సెల్

వినాయక చవితి పందిట్లో వేయడానికి 5, 6 నిమిషాల టెక్నో ట్రాక్ ఒకటి కట్టాలి. మూలం టెట్రిస్‌లో అందరికీ తెలిసిన ఆ ఏ-టైపు ట్యూన్. గేమ్ పాట ఎంపీ3 తెచ్చి రీపర్‌లో (పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్) వేసి కింద కిక్ (బీటు బీటుకీ పడే బరువు డ్రమ్ము) పెడితే మొదట్లో బాగానే కూర్చుంటోంది, నిమిషం దాటేసరికి జారిపోతోంది. సాగదీసి సరిచేద్దామంటే ట్యూన్ గరగరమంటోంది. పైగా పందిరి బాక్సుల్లో వేసి చూస్తే కిక్ వినబడలేదు, ట్యూన్ కూడా ఎక్కడో దూరంగా ఉంది. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం అన్నీ బాగానే ఉన్నాయి.

ఉన్నది మామూలు ల్యాప్‌టాప్, రీపర్, ఉచితంగా దొరికే ప్లగిన్లు. డబ్బు పెట్టి కొనేది ఏమీ వద్దు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

#2 త్రికోణం_బరంపురం

ఇందులో మూడు రోగాలున్నాయి తమ్ముడూ, మూడింటికీ మందు వేరు. జారడం సంగతి నేను చెప్తాను. బాక్సుల సంగతి జయపురం అన్న వస్తే ఆయన చెప్తారు.

పాత గేమ్ యంత్రాల్లో పాటకి సాధారణంగా సొంత గడియారం ఉండదు. టీవీ మీద బొమ్మ (ఫ్రేము) మారిన ప్రతిసారీ పాట ఒక అడుగు ముందుకి వేస్తుంది. నింటెండో ఎన్ఈఎస్ 60 హెర్ట్జ్ మోడల్‌లో ఆ అడుగులు సెకనుకి సరిగ్గా 60 కాదు, 60.0988. పదహారో వంతు స్వరానికి 6 ఫ్రేములు ఇస్తే వచ్చే టెంపో 150.247. 7 ఫ్రేములు ఇస్తే 128.783. 8 ఇస్తే 112.685. అన్ని స్వరాలకీ ఒకే లెక్క ఇస్తే మధ్యలో అంకెలు ఉండవు, ఎందుకంటే సగం ఫ్రేము అనేది లేదు.

ఇప్పుడు నువ్వు ప్రాజెక్టు టెంపో 150 అని పెట్టావనుకో. తేడా 0.247 మాత్రమే కదా అనిపిస్తుంది. 4 నిమిషాలు గడిచేసరికి ఆ తేడా దాదాపు 0.4 సెకన్లు అవుతుంది. 150 టెంపోలో ఒక బీటు నిడివి అంతే! అంటే పాట ఒక పూర్తి బీటు ముందుకి వెళ్ళిపోయింది. గేమ్ బాయ్‌లో ఈ లెక్క 59.73 హెర్ట్జ్, అక్కడ వెనక్కి జారుతుంది. కారణం అదే.

సాగదీస్తే గరగర ఎందుకంటే, ఈ చిప్పుల్లో మూడు స్వరాల కార్డు ఒకే చానల్ మీద పలకాలంటే ఫ్రేముకో స్వరం చొప్పున తిప్పుతారు. సెకనుకి 20 సార్లు తిరిగే ఆ చక్రమే మనకి కార్డులా వినిపిస్తుంది. సాగదీసే సాఫ్ట్‌వేర్ ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా కోసి అతుకుతుంది. దాని ముక్క నిడివీ, ఈ చక్రం నిడివీ దగ్గర దగ్గరగా ఉండటంతో అతుకులన్నీ బయటపడతాయి. చిప్ ధ్వనిని సాగదీయకూడదు. వేగం మార్చాలంటే ట్రాకర్‌లోనే (స్వరాలని వరసల్లో రాస్తే చిప్ ధ్వనితో వాయించే సాఫ్ట్‌వేర్) మార్చాలి.

కాబట్టి ఎంపీ3ని పక్కన పెట్టు. ఫర్నెస్ అనే ఉచిత ట్రాకర్ దించుకో. అందులో ఎన్ఈఎస్ యంత్రాన్ని ఎంచి ట్యూన్‌ని నువ్వే రాయి, ఒక సాయంత్రం పని. ఎగుమతి చేసేటప్పుడు చానల్‌కో వేవ్ ఫైలు వచ్చే ఎంపిక తీసుకో.

#3 నిర్వాహకులు

ట్యూన్ నువ్వే రాయి అన్న మాటకి ఇంకో లాభం ఉంది. టెట్రిస్ ఏ-టైపు ట్యూన్ అసలు రష్యన్ జానపద గీతం, పేరు 'కొరొబెయినికి'. నెక్రసోవ్ 1861లో రాసిన కవిత దాని మాటలకి మూలం. ఆ వరస మీద ఎవరికీ హక్కు లేదు. కానీ 1989 గేమ్ బాయ్ కోసం హిరోకజు తనాకా చేసిన అమరిక, దాని రికార్డింగు వేరే సంగతి. వాటిని కోసి వాడితే హక్కుల సమస్య వస్తుంది. జానపద వరసని సొంతంగా వాయించుకుంటే ఆ తలనొప్పి లేదు.

మారియో ట్యూనుకి ఈ వెసులుబాటు లేదు. అది 1985లో కోజి కోండో స్వరపరిచింది. మన చట్టంలో సంగీత రచన మీద హక్కు స్వరకర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. కవర్ వెర్షన్ల కోసం 31సీ సెక్షన్ ఉంది గానీ, అది ముందుగా రుసుము కట్టమంటుంది, రచనని మార్చడానికీ ఒప్పుకోదు. టెక్నో చేయడమంటే మార్చడమే కదా. ఈ వేదికలో రోమ్ ఫైళ్ళ (ఆటల నకలు ఫైళ్ళ) లింకులు పెట్టొద్దని మళ్ళీ మనవి.

#4 గుణుపురం_శ్రుతి

ట్రాకర్‌లో రాయడానికి స్వరాలు ఇస్తున్నాను. ఏ ని షడ్జంగా, అంటే ఆరు శ్రుతిలో పెట్టుకోండి. నటభైరవి స్వరాలే. ఒక అక్షరం లేదా ఒక కామా అంటే ఎనిమిదో వంతు, ట్రాకర్‌లో రెండు వరసలు.

ప , రి గ మ , గ రి
స , స గ ప , మ గ
రి , , గ మ , ప ,
గ , స , స , , ,

అన్నీ ఒకే స్థాయిలో ఉంటాయి, పై షడ్జం ఈ భాగంలో రాదు. రెండో చరణం మధ్యమం దగ్గర ఎత్తుకుంటుంది. అక్కడ శుద్ధ ధైవతం, పై షడ్జం తగులుతాయి.

బేస్ విషయంలో మాత్రం జాగ్రత్త. టెక్నోలో బేస్‌ని ఒకే స్వరం మీద తంబురాలా నిలబెట్టడం అలవాటు. మీరూ స మీద నిలబెడతారు. ట్యూన్ ఒక్కటే ఉంటే దానికి ఇబ్బంది లేదు. కానీ ఈ పాట మొదటి, మూడో బార్లకి (బార్ అంటే నాలుగు బీట్లు) అసలు ఆధారం ప. అందువల్ల రెండో గొంతుగా వేసే సహవరసలో కాకలి నిషాదం వస్తుంది. కింద స మోగుతుంటే పైన కాకలి నిషాదం పలికితే అరస్వరం తేడాతో గీసుకుంటుంది. పెద్ద బాక్సుల్లో అది శ్రుతి తప్పినట్టే వినిపిస్తుంది. దీనికి ఒకటే నియమం: బేస్ స మీద నిలిచి ఉన్నంతసేపు సహవరసని మూసేయండి. సహవరస కావాలనుకున్న చోట బేస్‌ని ప, స, ప, స అని బారుకొకటి చొప్పున కదపండి. రెండూ ఒకేసారి వద్దు.

#5 పర్లాకిమిడి_పిక్సెల్

శ్రుతి అక్కా, ఇది దొరకడం పెద్ద సాయం. బరంపురం అన్నా, టెంపో ఎంత పెట్టమంటారు? 128 అయితే జనం ఊగుతారా? 150 మరీ పరుగులా ఉంది. ఇంకో సందేహం. ఎన్ఈఎస్ ధ్వని చూస్తే చిన్నప్పుడు పసుపు కేసెట్టు పెట్టి ఆడిన టీవీ గేమ్ ధ్వనిలా లేదు. అది ఇంకాస్త మొద్దుగా, నిదానంగా ఉండేది. జ్ఞాపకం మోసం చేస్తోందా?

#6 త్రికోణం_బరంపురం

నీ చెవి సరిగ్గానే పనిచేస్తోంది తమ్ముడూ. మనం ఆడినవి అసలు నింటెండోలు కావు, నకళ్ళు. మన టీవీ పాల్, 50 హెర్ట్జ్. తైవాన్ యూఎంసీ వాళ్ళ యూఏ6527పీ చిప్పు ఉన్న సెట్లలో ఫ్రేములు సెకనుకి 50. జపాన్, అమెరికా మార్కెట్లకి 60 ఫ్రేముల లెక్కతో రాసిన ఆటని 50 మీద తిప్పితే పాట ఆరో వంతు నిదానిస్తుంది. 150.25 ఉండాల్సింది 125కి పడిపోతుంది. టెక్నోకి సరిగ్గా అతికే వేగం!

వేగం పడినా శ్రుతి పెద్దగా పడదు, అదీ విచిత్రం. ఆ నకలు చిప్పు గడియారం 1.773448 మెగాహెర్ట్జ్, అసలుది 1.789773. తేడా 16 సెంట్లు (అరస్వరం అంటే 100 సెంట్లు), మామూలు చెవికి తెలియదు. యూరప్‌లో అమ్మిన అసలు పాల్ ఎన్ఈఎస్‌లో గడియారమే 1.662607. అక్కడ సరిచేయని ఆట 128 సెంట్లు, అంటే అరస్వరం కన్నా ఎక్కువ, కిందకి దిగిపోతుంది. ఈ విషయంలో మన నకలే మేలు.

ఇక మొద్దుతనం. ట్యూన్ వాయించే పల్స్ చానల్‌కి నాలుగు డ్యూటీలుంటాయి (అల ఎంతసేపు పైన ఉంటుందన్న లెక్క): 12.5, 25, 50, 75 శాతం. 75 అంటే తలకిందులైన 25, చెవికి రెండూ ఒకటే. నకలు చిప్పుల్లో చాలావాటికి 25, 50 తారుమారయ్యాయి. సన్నగా, ముక్కుతో పాడినట్టు ఉండాల్సిన 25 శాతం చోట బోలుగా ఉండే 50 శాతం పలికేది. అందుకే నీ జ్ఞాపకంలో మొద్దు ధ్వని. ఫర్నెస్‌లో డ్యూటీ అంకెలు 0 నుంచి 3 వరకు. 1 ఉన్నచోట 2, 2 ఉన్నచోట 1 వేసి విను. పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఆ వయసు వాళ్ళు వెంటనే గుర్తుపడతారు.

టెంపోకి నా సలహా: వరసకి 7, 6, 7, 6 ఫ్రేములు మార్చి మార్చి ఇవ్వు. సగటు 6.5. టిక్ రేటు 60.0988 అయితే 138.69 వస్తుంది. ఫర్నెస్‌లో టిక్ రేటు గడిలో 60 అని ఉంటే 138.46. ఈ దశాంశాల బాధ ఎందుకనుకుంటే టిక్ రేటుని 59.8 చేసెయ్. 59.8ని 60తో గుణించి 26తో భాగిస్తే కచ్చితంగా 138. ఎలాగూ పాట నువ్వే రాస్తున్నావు, అసలు యంత్రంతో పోటీ పెట్టాల్సిన పని లేదు. రీపర్‌లో 138 పెట్టు, చివరిదాకా వెంట్రుకవాసి కూడా జారదు.

#7 రాయగడ_కిక్

138 మంచి అంకె. 7-6లో ఇంకో సుఖం, మొదటి వరస పొడుగు, రెండోది పొట్టి కాబట్టి దానంతట అదే కొంచెం ఊపు వస్తుంది. 13లో 7 అంటే 53.8 శాతం స్వింగ్. కానీ రీపర్‌లో నువ్వు పెట్టే హ్యాట్లకీ (చిన్న తాళాల్లాంటి ధ్వనులు) అదే ఊపు ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండో పదహారో వంతు దగ్గర చిప్ స్వరం, హ్యాటు 8 మిల్లీసెకన్ల ఎడంగా పడి టకటకలాడతాయి. ఇక్కడ అంకెల గందరగోళం ఒకటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో నిటారు అంటే 50, కొన్నింటిలో నిటారు అంటే 0. మొదటి రకంలో 54 పెట్టు. రెండో రకంలో, ట్రిప్లెట్ స్వింగ్‌ని 100 అనే వాటిలో, 23 పెట్టు. అనుమానం ఉంటే దగ్గరగా జూమ్ చేసి రెండు వేవ్‌లనీ కంటితో కలుపు.

కిక్ చిప్‌తో చేయొద్దు. చిప్‌లోని త్రికోణపు అల చానల్‌ని పై నుంచి కిందకి జార్చి చేసే కిక్ గేమ్‌లో ముద్దుగా ఉంటుంది, 18 అంగుళాల సబ్బులో (సబ్‌వూఫర్‌లో) మాత్రం తేలిపోతుంది. సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్ ప్లగిన్ ఉచితం. ఒక సైన్ వేవ్ తీసుకో. పిచ్ 200 హెర్ట్జ్ దగ్గర మొదలై 50 మిల్లీసెకన్లలో 55కి దిగాలి. 55 ఎందుకంటే అది కింది ఏ, మన షడ్జం. ధ్వని మొత్తం 260 మిల్లీసెకన్లలో ఆరిపోవాలి. 138లో బీటు నిడివి 435, కాబట్టి వెనక 175 మిల్లీసెకన్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోనే బేస్ బతకాలి. ముందు 2 మిల్లీసెకన్ల నాయిస్ టిక్కు, కొంచెం శాచురేషన్, 30 హెర్ట్జ్ కింద కోత. అంతే.

రంబుల్ (కిక్ వెనక గుడగుడలాడే తోక) కావాలంటే కిక్‌ని ఒక రివర్బ్‌కి పంపు: 1.5 సెకన్లు, పూర్తిగా తడి, దాని తరవాత 110 దగ్గర లో-పాస్, ఆ తరవాత మోనో. దాన్ని కిక్కే నొక్కేలా సైడ్‌చెయిన్. రీపర్‌లో దీనికి కొనాల్సిందేమీ లేదు. కిక్ ట్రాక్ నుంచి రంబుల్ ట్రాక్ 3/4 చానళ్ళకి సెండ్ ఇచ్చి, రీకాంప్‌లో (రీపర్‌తో వచ్చే కంప్రెసర్) డిటెక్టర్ ఇన్‌పుట్‌ని ఆగ్జిలరీకి మార్చు. 8 నుంచి 10 డెసిబెల్స్ తగ్గేలా త్రెషోల్డ్, రిలీజ్ 150 మిల్లీసెకన్లు. రిలీజ్ 300 దాటితే రంబుల్ పైకి లేచేలోపే తరవాతి కిక్ వచ్చేస్తుంది, పెట్టినా పెట్టనట్టే.

చిప్ బేస్‌ని, అంటే త్రికోణం చానల్‌ని, ప్రతి కిక్ వరసలో ఖాళీ ఉంచి మిగతా మూడు పదహారో వంతుల మీద వెయ్.

#8 త్రికోణం_బరంపురం

బేస్‌కి త్రికోణాన్నే ఎంచాలని నేనూ చెప్దామనుకున్నాను. పల్స్ చానల్ 54.6 హెర్ట్జ్ కన్నా కిందకి వెళ్ళలేదు, దాని లెక్కపెట్టే మీటరు 11 బిట్లే. అదే మీటరుతో త్రికోణం ఇంకో స్థాయి కింద, 27.3 దాకా దిగుతుంది. అయితే త్రికోణానికి వాల్యూమ్ అనేదే లేదు, ఉంటే ఉంది లేకపోతే లేదు. ఎన్వలప్ (ధ్వని లేచి ఆరే తీరు) అంతా రీపర్‌లోనే చేసుకోవాలి. 32 మెట్లతో గీసిన త్రికోణం కాబట్టి పైన సన్నని గీర ధ్వని ఉంటుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మెల్లగా కోస్తే సబ్బుకి శుభ్రమైన బేస్ దొరుకుతుంది. కొందరికి ఆ గీరే ఇష్టం. నాకూ ఇష్టమే, కానీ బ్రేక్‌డౌన్‌లో (కిక్ ఆగే భాగంలో) మాత్రమే.

పై స్థాయిల్లో పల్స్ శ్రుతి తప్పుతుందని గుర్తుంచుకో. మీటరు పూర్ణాంకాలే లెక్కపెడుతుంది కదా. 3520 హెర్ట్జ్ అడిగితే చిప్ ఇచ్చేది 3495.6, అంటే 12 సెంట్లు తక్కువ. ఒంటరిగా ఉంటే అందం, సర్జ్‌తో చేసిన ప్యాడ్ పక్కన వేస్తే అపస్వరం. ట్యూన్‌ని మధ్య స్థాయిలోనే ఉంచు, పైకి ఎత్తాలనిపిస్తే రీపర్ సింథ్‌తో ఎత్తు.

చానల్‌కో ఫైలు తీసినప్పుడు ఇంకో తిరకాసు. అసలు చిప్పులో త్రికోణం, నాయిస్, డీపీసీఎం (శాంపిల్ వాయించే చానల్) మూడూ ఒకే మెట్టు దగ్గర కలుస్తాయి. ఆ కలయిక సరళరేఖ కాదు. డీపీసీఎం శాంపిల్ పైకి లేచినప్పుడు త్రికోణం కొంచెం తగ్గుతుంది. విడివిడిగా తీసి మళ్ళీ కలిపితే ఆ తగ్గుదల ఉండదు, బేస్ అనుకున్న దానికన్నా గట్టిగా వస్తుంది. రిపేరు చేయక్కర్లేదు, సైడ్‌చెయిన్ ఎలాగూ దాన్ని నొక్కుతుంది.

#9 ఛత్రపురం_ఎఫ్ఎం

అందరూ ఎన్ఈఎస్ దగ్గరే ఆగిపోయారు. టెక్నోకి పుట్టిన యంత్రం సెగా వాళ్ళ మెగా డ్రైవ్. అందులో వైఎం2612 చిప్పు ఉంది, 6 ఎఫ్ఎం చానళ్ళు (ఒక అలతో ఇంకో అలని వణికించి ధ్వని పుట్టించే పద్ధతి), ఒక్కోదానికి 4 ఆపరేటర్లు, అంటే 4 అలలు. ఆరో చానల్‌ని శాంపిల్ వాయించడానికి మార్చుకోవచ్చు, అంటే నిజమైన డ్రమ్ములు. యూజో కోషిరో 1991, 92లో స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ ఆటలకి ఇచ్చిన సంగీతంలో క్లబ్బు టెక్నో, హౌస్ నేరుగా వినిపిస్తాయి. పాత చిప్ మీద టెక్నో ఎలా రాయాలో అదే పాఠం. ఫర్నెస్‌లో వైఎం2612 కూడా ఉంది. బేస్ అక్కడి నుంచి తెచ్చుకోండి.

#10 రాయగడ_కిక్

ఛత్రపురం గురూ, మాట నిజమే గానీ ఒక ట్రాక్‌లో రెండు యంత్రాల బేస్ పెడితే ఏదీ నిలబడదు. త్రికోణం బేస్ ఉంచుకుంటే ఎఫ్ఎంని పైన, 300 హెర్ట్జ్ మీద, కట్లా పడే స్టాబ్‌గా వాడాలి. లేదంటే త్రికోణాన్ని తీసేయాలి. పిక్సెల్ తమ్ముడికి ఇది మొదటి ట్రాక్, ఒక్క చిప్‌తో పూర్తిచేయనిద్దాం.

నిర్మాణం 192 బార్లు పెట్టుకో. 138లో అది 5 నిమిషాల 34 సెకన్లు. 1 నుంచి 32 కిక్, రంబుల్, చిప్ నాయిస్ హ్యాట్లు. 33 నుంచి 64 బేస్ వస్తుంది, ట్యూన్ నుంచి 'రి గ మ' మూడు స్వరాలే, రెండు బార్లకి ఒకసారి. ఇక్కడే చాలామంది తొందరపడి పాట మొత్తం పాడించేస్తారు. మొదటి నిమిషంలోనే ట్యూన్ ఇచ్చేస్తే తరవాత జనానికి ఎదురుచూసేదేముంది? 65 నుంచి 80 కిక్ ఆపి పూర్తి పల్లవి, సహవరసతో, బేస్ ప-స కదలికతో. శ్రుతి గారు చెప్పిన నియమం ఇక్కడ సులువుగా కుదురుతుంది. 81 నుంచి 112 కిక్ తిరిగి వస్తుంది, బేస్ స మీద నిలబడుతుంది, పల్లవి ఒంటి గొంతుతో. 113 నుంచి 128 రెండో చరణం, కిక్ లేకుండా. 129 నుంచి 160 సహవరస తప్ప అన్నీ. మిగతా 32 బార్లు ఒక్కొక్కటి తీసేస్తూ కిక్ మీద ముగించు. తరవాతి పాటని డీజే కలుపుకోవడానికి ఆ ఖాళీ కావాలి.

హ్యాట్లకి ఎన్ఈఎస్ నాయిస్ చానల్ బాగుంటుంది. వాల్యూమ్ 4 ఫ్రేముల్లో సున్నాకి దించు, అంటే 67 మిల్లీసెకన్లు. పొడుగ్గా లాగితే 16 మెట్ల వాల్యూమ్ మెట్లు మెట్లుగా దిగడం చెవికి తెలిసిపోతుంది. క్రాష్ లాంటి పొడుగు ధ్వని రీపర్‌లో చేసుకో. నాయిస్‌లో పొట్టి మోడ్ 93 అడుగులకే తిరిగి మొదలవుతుంది కాబట్టి ఇనుప గంటలా మోగుతుంది. బ్రేక్‌డౌన్ చివర్లో ఒకటి రెండు చోట్ల చాలు.

#11 సౌండ్_జయపురం

బాక్సుల గొడవకి వచ్చాను. కిక్ పోయింది, ట్యూన్ దూరమైపోయింది అన్నావు కదా బావూ. ఇది పాటలో తప్పు కాదు, వైరు తప్పు. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి రెండు కొసలా రెండు గీతల స్టీరియో పిన్ను ఉన్న వైరు తెచ్చి మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో గుచ్చీసుంటారు. ఆ ఇన్‌పుట్‌కి ఎడమ, కుడి అని తెలీదు. ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తాది. రెండు పక్కలా సమానంగా ఉన్నదంతా, అంటే కిక్కు, బేసు, సున్నా అయిపోతాది. పక్కలకి జరిపిన ట్యూను, రివర్బూ మాత్రం మిగుల్తాయి. నువ్వు చెప్పిన లక్షణం అచ్చం అదే.

సరైన వైరు ఒక పక్క 3.5 స్టీరియో, ఇంకో పక్క రెండు విడి మోనో పిన్నులు. రెండూ రెండు చానళ్ళలో గుచ్చి, పాన్‌లు నడిమధ్యకి తెచ్చీయండి. ఒక్క కొసే గుచ్చి రెండోది వేలాడదీసే అలవాటు మన సౌండ్ కుర్రాళ్ళకి ఉంది. అప్పుడు కుడి పక్క పెట్టిన ట్యూను వినబడదు. ఎడమ కుడి కలిపి ఒకే పిన్నుకి అతికిన వై-వైరు కూడా వాడొద్దు, రెండు అవుట్‌పుట్లూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

అసలైతే పందిరికి పట్టుకెళ్ళే ఫైలు మోనోలో తీసుకెళ్తే ఇంత గొడవే లేదు. మోనోలో తీసేముందు వెడల్పు చేసే ప్లగిన్లన్నీ తీసి చూడు. అవి ఒక పక్క ఫేజ్ తిప్పి మోసం చేస్తాయి, మోనోలో ఆ స్వరం మాయమైపోతాది.

ఇంకోటి. ల్యాప్‌టాప్ చార్జర్ గుచ్చి ఉంటే గుయ్‌మని 50 హెర్ట్జ్ హమ్ వస్తాది. కిక్ జీ శ్రుతిలో, 49 దగ్గర, పెట్టేవాళ్ళకి ఇది నరకం. 49కి 50కి మధ్య తేడా సెకనుకి ఒకసారి ఊగుతాది. నువ్వు 55లో ఉన్నావు కాబట్టి బతికిపోయావు, అయినా పాట సాగినంతసేపు బ్యాటరీ మీద నడుపు. పూర్తిగా పోవాలంటే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (సిగ్నల్‌ని మైకు వైరులో పోయేలా మార్చే పెట్టె) పెట్టాల.

#12 త్రికోణం_బరంపురం

జయపురం అన్నా, పల్స్ వేవ్‌కి హై డ్రైవర్లు తట్టుకుంటాయా? అది కూడా చెప్పండి.

#13 సౌండ్_జయపురం

అక్కడే డబ్బులు కాలిపోతాయి. ఒకే పీక్ ఉన్న సైన్ వేవ్ కంటే స్క్వేర్ వేవ్‌లో 3 డెసిబెల్ ఎక్కువ పవరు. పైగా పై హార్మోనిక్స్ వరసగా ఉంటాయి. 12.5 శాతం పల్స్ అయితే చెప్పక్కర్లేదు, సూదే. మీటరు చూస్తే ఎరుపు రాలేదు కదా అనుకుంటారు, కొమ్ములో డ్రైవరు మాత్రం వేడెక్కిపోతాది. కిక్ పీక్ మైనస్ 6 దగ్గర ఉంటే ట్యూన్ పీక్ మైనస్ 13, మైనస్ 14 చాలు. చెవికి సమానంగానే వినిపిస్తాది. 3 కిలోహెర్ట్జ్ చుట్టూ 3 డెసిబెల్ తగ్గించు, 12 కిలో పైన కోసీ. కింద 35 దగ్గర కోసీ.

చిప్ ఫైళ్ళలో డీసీ కూడా ఉంటాది, వేవ్ సున్నాకి ఒక పక్కకే వాలి ఉంటాది. ప్రతి చిప్ ట్రాక్ మొదట్లోనే 20 హెర్ట్జ్ హై-పాస్ పెట్టు, కంప్రెసర్ కంటే ముందు. వెనక పెడితే కంప్రెసర్ ఆ వాలుని చూసే పనిచేస్తాది, మ్యూట్ చేసిన ప్రతిసారీ సబ్బులో టప్పుమంటాది.

మాస్టర్‌ని నేల నలిచీసినట్టు లిమిటర్‌తో నొక్కొద్దు. పీక్ మైనస్ 1, అంతే. మిగతా గట్టితనం ఆంప్లిఫయర్ చూసుకుంటాది.

#14 నిర్వాహకులు

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆపాలి. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకి మించకుండా 12 దాకా సడలించే వీలుంది, ఏ రోజులన్నది ముందే తెలుసుకోండి. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట అసలు ఒప్పుకోరు. నివాస ప్రాంతానికి పగటి పరిమితి 55 డెసిబెల్స్. ఏ పందిరి దగ్గరైనా అంత తక్కువ వినబడితే చెప్పండి, వచ్చి చూస్తాం.

#15 పర్లాకిమిడి_పిక్సెల్

టిక్ రేటు 59.8, 7-6, రీపర్ 138 పెట్టాను. చివరి బార్ దాకా గీత మీదే ఉంది. డ్యూటీ తారుమారు చేస్తే అచ్చం ఆ పాత టీవీ గేమే. ఒక్కటి కుదరడం లేదు. రెండో పల్స్‌లో ట్యూన్‌నే కొంచెం ఆలస్యంగా, తక్కువ వాల్యూమ్‌తో వేసి పాత గేమ్‌ల ఎకో తెచ్చాను. దాని మీద రీపర్ డిలే కూడా పెడితే ట్యూన్ ముద్దయిపోతోంది.

#16 త్రికోణం_బరంపురం

రెండు ఎకోలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఏదో ఒకటి ఉంచు. చిప్ ఎకో ఉంచాలనుకుంటే రెండో పల్స్‌ని మూడు వరసలు వెనక్కి జరుపు, వాల్యూమ్ 15 ఉన్నచోట 5, డిలే ప్లగిన్ తీసెయ్. మొదటి వరస నుంచి లెక్కపెడితే 7+6+7, అంటే 20 ఫ్రేములు, 334 మిల్లీసెకన్లు. ఇంకో లాభం కూడా ఉంది. రెండో పల్స్ ఎకోకి పోతే సహవరసకి చానల్ మిగలదు, కాబట్టి శ్రుతి గారి నియమం తప్పే అవకాశమే ఉండదు. బ్రేక్‌డౌన్ బార్లలో మాత్రం ఎకో ఆపి ఆ చానల్‌ని సహవరసకి ఇవ్వు.

#17 గుణుపురం_శ్రుతి

బ్రేక్‌డౌన్ నుంచి 81వ బారులోకి దిగే చోట చూసుకోండి. 80వ బారు చివర సహవరస స్వరం లాగి ఉంటే కిక్ పడ్డాక కూడా ఒక క్షణం మోగుతుంది. చివరి రెండు వరసల్లో నోట్ ఆఫ్ రాసేయండి.

#18 సౌండ్_జయపురం

వైరు కొనేటప్పుడు షాపులో "3.5 స్టీరియో టు రెండు పి-38 మోనో" అని అడుగు బావూ (పి-38 అంటే మిక్సర్‌లో గుచ్చే పెద్ద పిన్ను), చూపించగానే పిన్ను మీద గీతలు లెక్కపెట్టుకో. ల్యాప్‌టాప్ పక్క రెండు గీతలు, మిక్సర్ పక్క ఒక్కో పిన్నుకి ఒకటే గీత ఉండాల. పొడుగు 3 మీటర్లు దాటనీయకు. అంతకంటే దూరమైతే ల్యాప్‌టాప్ దగ్గరే డీఐ పెట్టి అక్కడి నుంచి మైకు వైరు లాగండి.